పొలం మట్టిలో భార లోహాలు: శ్రీకాకుళం, విజయనగరం రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన రెండు జిల్లాల్లో రైతులు, పెరట్లో కూరగాయలు వేసుకునేవాళ్ళు, ఫ్యాక్టరీల పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిగ్గా చదవాలి. మట్టిలో లోహం ఎంత ఉందన్నదాని కంటే అది అక్కడ కదలకుండా ఉందా, నీళ్ళలో కరిగి వేరు దాకా వెళ్తోందా అన్నదే అసలు సంగతి. కింద చెప్పినవన్నీ చివరికి అక్కడికే వస్తాయి.

భార లోహాలంటే ఏవేవి?

సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం, నికెల్, రాగి, జింకు, మాంగనీసు లాంటివి. ఆర్సెనిక్ పూర్తిగా లోహం కాకపోయినా దాని హాని కూడా ఇలాంటిదే కాబట్టి ఈ జట్టులోనే కలిపి చెప్తారు. వీటిలో జింకు, రాగి, మాంగనీసు పంటకి కొద్దిగా కావాలి. సీసం, కాడ్మియం, పాదరసాలతో మొక్కకీ మనిషికీ ఏ అవసరమూ లేదు.

మా నేలలో ఇవి పుట్టుకతోనే ఉంటాయా, ఎవరైనా తెచ్చి కలిపితేనే వస్తాయా?

రెండూ. రాయి అరిగి మట్టి అవుతుంది కాబట్టి ఆ రాయిలో ఏ లోహం ఉంటే అది మట్టిలోకి వస్తుంది. గరివిడి, చీపురుపల్లి, గర్భాం చుట్టుపక్కల మాంగనీసు ఎక్కువ ఉండడానికి కారణం ఇదే, అక్కడ 19వ శతాబ్దం చివర్నుంచే మాంగనీసు గనులు తవ్వుతున్నారు. తవ్విపోసిన మట్టి గుట్టల నుంచి వానకి కొట్టుకొచ్చేది దీనికి అదనం.

మనం కలిపేవి వేరే. ఫాస్ఫేట్ ఎరువుల్లో, ఆ రాయి ఎక్కడిది అన్నదాన్ని బట్టి, కొంత కాడ్మియం ఉంటుంది. తోటల్లో ఏళ్ళ తరబడి బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగుళ్ళ మందు) కొడితే రాగి పేరుకుంటుంది. హైవే పక్కన పొలాల పైమట్టిలో పాతకాలపు పెట్రోల్ నుంచి పడిన సీసం ఇంకా ఉంటుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లో ఆగిపోయింది గానీ నేలలో పడిన సీసం కుళ్ళేదీ ఆవిరయ్యేదీ కాదు, పడినచోటే ఉండిపోతుంది. ఇవి కాక ఫ్యాక్టరీ వ్యర్థ జలాలు, ఫెర్రో అల్లాయ్ (ఇనుముతో వేరే లోహం కలిపే) బట్టీల దుమ్ము, స్లాగ్ (లోహం కరిగించాక మిగిలే చిట్టెం), మున్సిపాలిటీ చెత్త నుంచి చేసిన కంపోస్టు, రాగి కోసం వైర్లు కాల్చే చోట్లు, అన్నిటికంటే దారుణంగా పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్లు.

ల్యాబ్‌లో మొత్తం లోహం ఎంతో చెప్తారు కదా, అది తెలిస్తే చాలదా?

చాలదు. బీరువాలో తాళం వేసిన డబ్బుకీ జేబులో ఉన్న డబ్బుకీ ఉన్నంత తేడా ఇక్కడ ఉంది. మొత్తం లెక్కలో రెండూ కలిసిపోతాయి, ఖర్చయ్యేది మాత్రం జేబులోదే.

భావనపాడు, కళింగపట్నం తీరం ఇసుకనే చూడండి. అందులో ఇల్మనైట్ అనే నల్ల ఖనిజం ఉంటుంది, దాన్నిండా టైటానియమే. కానీ అది ఆ రేణువు లోపల గట్టిగా బంధించి ఉంటుంది, వాన పడినా ఉప్పునీరు తగిలినా బయటికి రాదు. అదే ఒక గెడ్డలోకి ఫ్యాక్టరీ నీళ్ళతో వచ్చిన కాడ్మియం మొత్తం లెక్కలో చాలా చిన్న అంకె కావచ్చు, అయినా అందులో ఎక్కువ భాగం మట్టి రేణువు పైపైన అంటుకుని ఉంటుంది, అదును దొరికితే నీళ్ళలోకి దిగిపోతుంది.

ఈ తేడా తెలుసుకోవడానికి 1979లో టెస్సియర్, ఆయన సహచరులు ఒక పద్ధతి ఇచ్చారు, ఇప్పటికీ వాడుతున్నారు. ఒకే మట్టిని వరుసగా ఒకదాని కంటే ఒకటి ఘాటైన ద్రావణాలతో కడుగుతారు. మొదటి కడుగులో వచ్చేది పైపైన అంటుకున్నది, తర్వాత సున్నపు ఖనిజాలతో ఉన్నది, ఆ తర్వాత ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లు పట్టుకున్నది, తర్వాత సేంద్రియ పదార్థంలో ఉన్నది, చివరికి రాతి రేణువు లోపల మిగిలింది. మొదటి రెండిట్లో ఎక్కువ వస్తే జాగ్రత్త పడాలి. మొత్తం లోహంలో ఎక్కువ వాటా చివరిదాంట్లోనే ఉంటే పెద్దగా కంగారు అక్కర్లేదు.

అయితే లోహాన్ని కదిలించేది ఏది?

అన్నిటికంటే ముందు పీహెచ్, అంటే మట్టి ఎంత పులుపో చెప్పే అంకె. మట్టి పులుపెక్కితే, అంటే పీహెచ్ 6 కంటే దిగితే, కాడ్మియం, జింకు, నికెల్, మాంగనీసు మట్టిని వదిలి నీళ్ళలోకి వచ్చేస్తాయి. మన మెట్టల్లో ఎర్ర ఇసుక నేలలు చాలాచోట్ల కొద్దిగా ఆమ్ల గుణంతోనే ఉంటాయి, పైగా బంకమన్ను తక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ, దానికితోడు ఏటా యూరియా. యూరియా నేలలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది, అది ఏళ్ళ మీద పీహెచ్‌ని దించుతుంది. నాగావళి, వంశధార ఒడ్డున ఒండ్రు భూములున్నవాళ్ళు ఈ విషయంలో కాస్త అదృష్టవంతులు, ఆ మట్టిలో బంక ఎక్కువ, లోహాన్ని పట్టుకునే శక్తీ ఎక్కువే.

రెండోది ఇనుము ఆక్సైడ్లు. మన ఎర్ర నేలకి ఆ రంగు వాటివల్లే. సీసాన్ని, ఆర్సెనిక్‌ని ఇవి బాగా పట్టుకుంటాయి, కాడ్మియాన్ని అంత గట్టిగా పట్టుకోవు. అందుకే ఒకే పొలంలో సీసం పై ఆరంగుళాల్లో ఆగిపోతే కాడ్మియం వేరుకి అందుతుంది, ఇసుక నేలైతే ఇంకా కిందికీ దిగుతుంది.

మూడోది ఉప్పు. తీరం వెంబడి, నౌపడ ఉప్పు మళ్ళ చుట్టుపక్కల, సంతబొమ్మాళి, గార వైపు పల్లపు భూముల్లోకి ఉప్పునీరు ఎక్కుతుంది. ఆ ఉప్పులోని క్లోరైడు కాడ్మియంతో జతకట్టి నీళ్ళలో తేలిగ్గా తిరిగే రూపాన్నిస్తుంది. అదే కాడ్మియం, అదే పీహెచ్, కానీ ఉప్పు నేలలో మొక్క ఎక్కువ తాగుతుంది. ఎర్ర పొటాష్‌లో కూడా క్లోరైడు ఉంటుందని గుర్తుంచుకోండి. కాడ్మియం ఉందని తేలిన పొలంలో దాని బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడొచ్చు, ధర ఎక్కువే గానీ.

క్రోమియం కథ వేరు, దానికి రెండు రసాయన రూపాలున్నాయి. మూడు వేలెన్సీ (Cr III) రూపంలో ఉన్నప్పుడు అది దాదాపు కదలదు, హాని కూడా తక్కువ. ఆరు వేలెన్సీ (Cr VI) రూపంలోకి మారితే నీళ్ళలో కరిగి బావుల దాకా వెళ్తుంది, క్యాన్సర్ కారకం కూడా. మన పక్కనే ఒడిశాలో సుకింద లోయలో క్రోమైట్ గనుల దగ్గర ఉన్న సమస్య ఇదే. కాబట్టి రిపోర్టులో 'మొత్తం క్రోమియం' అని ఒక్క అంకే ఉంటే ఆరు వేలెన్సీది విడిగా ఎంతో అడగండి.

వరి మడిలో నీళ్ళు నిలబెట్టాలా, ఆరబెట్టాలా?

మీ మట్టిలో ఉన్నది ఏ లోహం అన్నదాన్ని బట్టి. మడిలో నీళ్ళు నిలిస్తే మట్టిలోకి గాలి అందదు. అప్పుడు ఇనుము ఆక్సైడ్లు కరగడం మొదలవుతుంది, అవి పట్టుకున్న ఆర్సెనిక్ కూడా విడుదలవుతుంది. వరి దాన్ని సిలికా తీసుకునే దారిలోనే లోపలికి లాక్కుంటుంది. కాడ్మియంది సరిగ్గా దీనికి తిరగేసిన వ్యవహారం. నీళ్ళు నిలిచిన మడిలో అది గంధకంతో కలిసి సల్ఫైడుగా గట్టిపడిపోతుంది, మడి ఆరి నెర్రెలిస్తే మళ్ళీ కరిగి గింజలోకి ఎక్కుతుంది.

కాబట్టి ఆర్సెనిక్ ఉన్నచోట నీళ్ళు పెట్టి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టే పద్ధతి మంచిది. కాడ్మియం ఉన్నచోట పొట్ట దశ నుంచి గింజ గట్టిపడేదాకా మడి ఆరనివ్వకూడదు. ఇక్కడే నాకు మన శివారు ఆయకట్టు రైతుల గురించి బాధ. కాలవ చివర ఉన్నవాళ్ళకి సరిగ్గా ఆ సమయానికే నీళ్ళు ఆగిపోతాయి, చెరువు కింద సాగైతే చెరువు అడుగంటుతుంది. అలాంటి భూమిలో కాడ్మియం ఉందని పరీక్షలో తేలితే నీటి యాజమాన్యం మీద ఆధారపడొద్దు, పీహెచ్ పెంచడం మీదా జింకు మీదా దృష్టి పెట్టండి.

కాడ్మియం తేలిగ్గా తీసుకునే విషయం కాదని చెప్పడానికి జపాన్ చాలు. తొయామా ప్రాంతంలో జింజు నదికి ఎగువనున్న గని వ్యర్థాలు నదిలో కలిసి, ఆ నీళ్ళు వరి మళ్ళకి పారి, ఆ బియ్యం తిన్నవాళ్ళకి ఎముకలు విరిగిపోయే జబ్బు వచ్చింది. పేరు ఇటాయి-ఇటాయి. 1968లో అక్కడి ప్రభుత్వం కారణం కాడ్మియమేనని ఒప్పుకుంది. ఆ పొలాల మట్టి బాగుచేసే పని 2012 దాకా సాగింది.

సాయిల్ హెల్త్ కార్డులో ఇవన్నీ వస్తాయా?

రావు, ఈ విషయం చాలామందికి తెలియదు. 2015లో మొదలైన ఆ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం లేవు. జింకు, రాగి కూడా అందులో లోపం ఉందా అని చూడడానికే.

అలాగని కార్డు పారేయకండి. పీహెచ్, సేంద్రియ కర్బనం అంకెలు చూస్తే మీ నేల లోహాన్ని పట్టి ఉంచే రకమా, వదిలేసే రకమా అన్నది సగం తెలిసిపోతుంది. పీహెచ్ 5.5, కర్బనం 0.3 శాతం అని ఉంటే ఆ పొలానికి కాపలా చాలా పల్చగా ఉన్నట్టు.

మరి పరీక్షకి మట్టి ఎలా తీయాలి?

దీని మీదే మొత్తం రిపోర్టు ఆధారపడి ఉంటుంది, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ల్యాబ్‌కి మట్టి తెచ్చే రైతుల్లో చాలామంది డీఏపీ బస్తా కోసి దాంట్లో మూటకట్టి తెస్తారు. ఆ బస్తా లోపలి కుట్ల దగ్గర తెల్లగా గింజలు ఇంకా అంటుకునే ఉంటాయి, అవి మట్టిలో కలిసిపోయాక పరీక్ష పొలానికి చేసినట్టా ఎరువుకి చేసినట్టా? కొత్త ప్లాస్టిక్ కవరు వాడండి. జింకు పూత బకెట్లు, తుప్పు పట్టిన పార వద్దు. స్టీలు తాపీ గానీ గట్టి చెక్క పుల్ల గానీ సరిపోతుంది.

పొలంలో వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల ఆరంగుళాల లోతు 'వి' ఆకారంలో గుంట తీసి, గోడ వెంబడి పైనుంచి కింది దాకా ఒక పొర గీకాలి. గట్ల పక్క, చెట్ల కింద, గత్తం కుప్ప వేసిన చోట, కళ్ళం దగ్గర తీయొద్దు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతావి పారేస్తూ అరకిలో వరకు తగ్గించండి. నీడలో ఆరబెట్టండి.

ఇంకొక్క పని తప్పకుండా చేయండి. అదే రకం నేలలో, గెడ్డకి ఎగువన గానీ ఫ్యాక్టరీకి దూరంగా గానీ ఉన్న పొలం నుంచి రెండో నమూనా తీయండి. అది లేకపోతే వచ్చిన అంకె నేల పుట్టుకదో బయట నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు, రేపు ఫిర్యాదు చేసినా ఎదుటివాళ్ళు మొదట పట్టుకునే లొసుగు ఇదే. ల్యాబ్‌లో మొత్తం లోహంతో పాటు డీటీపీఏ పరీక్ష కూడా అడగండి, మొక్కకి అందే భాగం ఎంతో అది చెప్తుంది.

రిపోర్టులో అంకె ఎంత దాటితే భయపడాలి?

మన దేశంలో అధ్యయనాలు చేసేవాళ్ళు వ్యవసాయ భూమికి ఎక్కువగా వాడే హద్దులు కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో ఇలా ఉంటాయి: కాడ్మియం 3 నుంచి 6, సీసం 250 నుంచి 500, నికెల్ 75 నుంచి 150, రాగి 135 నుంచి 270, జింకు 300 నుంచి 600. యూరప్ 1986లో పెట్టిన హద్దులు ఇంకా కఠినం, కాడ్మియం 1 నుంచి 3, సీసం 50 నుంచి 300, అదీ పీహెచ్ 6 నుంచి 7 మధ్యనున్న నేలలకి. నా అభిప్రాయం అడిగితే మన ఎర్ర ఇసుక నేలలకి మన దేశపు హద్దులు మరీ ఉదారంగా ఉన్నాయి. కాడ్మియం 1 దాటి పీహెచ్ 6 లోపుంటే నేనైతే ఆ పొలంలో ఆకుకూరలు వేయను, బియ్యం గింజని కూడా పరీక్ష చేయిస్తాను. పాలిష్ బియ్యంలో కాడ్మియానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) హద్దు కిలోకి 0.4 మిల్లీగ్రాములు, అకర్బన ఆర్సెనిక్‌కి 0.2.

ఏ పంటల్లోకి ఎక్కువ వెళ్తుంది?

ఆకుకూరలు మొదట, పాలకూర, తోటకూర లాంటివి. తర్వాత ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలు. కాయల్లోకి, మొక్కజొన్న గింజలోకి తక్కువ. వేరుశనగ, పొద్దుతిరుగుడు మాత్రం గింజ పంటలైనా కాడ్మియాన్ని బాగానే లాగుతాయి. సీసం లోపలికి ఎక్కేదానికంటే దుమ్ముగా పైన అంటుకునేదే ఎక్కువ కాబట్టి ఆకుకూరని రెండు మూడు నీళ్ళతో కడగడం, దుంపల తొక్క తీయడం నిజంగా పనిచేస్తాయి. కాడ్మియానికి కడగడం పనిచేయదు, అది ఆకు లోపల ఉంటుంది.

బోరు నీళ్ళు పట్టిన బిందెలో నల్లటి పొర కడుతోంది, ఏంటది?

చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం వైపు ఇది మాంగనీసు అయ్యే అవకాశం ఎక్కువ. నీళ్ళు బోరులోంచి వచ్చేటప్పుడు తేటగానే ఉంటాయి, రాత్రంతా గాలి తగిలాక పొద్దున చూస్తే బిందె మెడ దగ్గర మసిలాంటి పొర, వేలితో రాస్తే జిడ్డుగా నల్లగా అంటుకుంటుంది. భూమి లోపల గాలి లేక కరిగి ఉన్న మాంగనీసు బయటికొచ్చి ఆక్సైడుగా మారుతుంది. తాగునీటిలో మన ప్రమాణం లీటరుకి 0.1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేకపోతే 0.3 వరకు. నీళ్ళు మరిగిస్తే ఏ లోహమూ పోదు, నీరు ఆవిరై చిక్కబడుతుంది అంతే. నీళ్ళని గాలికి బాగా కలియబెట్టి ఒక రాత్రి ఉంచి, ఇసుక వడపోత పోస్తే కొంతవరకు తగ్గుతుంది. పసిపిల్లల పాలలో కలపడానికి మాత్రం ఆ నీళ్ళు వద్దు.

ఉద్దానం కిడ్నీ జబ్బు భార లోహాల వల్లేనా?

అలా తేలలేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఎన్నో బృందాలు నీళ్ళూ మట్టీ రక్తమూ పరీక్షించాయి, లోహాలు, సిలికా, పురుగుమందులు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే కష్టం, అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి, ఏ ఒక్కటీ తిరుగులేకుండా రుజువు కాలేదు. శ్రీలంకలో, మధ్య అమెరికాలో రైతుకూలీలకి ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా పరిస్థితి అంతే. కాడ్మియం కిడ్నీలో చేరి పది నుంచి ముప్పై ఏళ్ళ దాకా ఉండిపోతుందన్నది నిజమే, అంతమాత్రాన ఉద్దానం జబ్బంతా దాని ఖాతాలో వేయలేం. ఫలానా పొడి తాగితే లోహాలు పోయి కిడ్నీ బాగవుతుందని చెప్పి డబ్బులు గుంజేవాళ్ళని దయచేసి నమ్మకండి, ఆ ఇళ్ళల్లో ఇప్పటికే డయాలసిస్‌కి తిరగలేక చస్తున్నారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించారు. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల ద్వారా మంచినీళ్ళిచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఆ నీళ్ళు అందే ఊళ్ళలో తాగడానికీ వంటకీ అవే వాడండి.

పాడైన నేలని బాగుచేయొచ్చా?

లోహాన్ని మాయం చేయలేం, కదలకుండా చేయగలం. అదే మన చేతిలో ఉన్న పని.

కాడ్మియం, సీసం, నికెల్ అయితే సున్నం వేసి పీహెచ్‌ని 6.5 దాటించండి. ఎంత వేయాలన్నది మట్టి పరీక్షలో సున్నం అవసరం చూసి చెప్పించుకోండి, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, రాగోలు పరిశోధనా స్థానంలో అడగొచ్చు. చాలామంది వేరుశనగకి జిప్సం వేశాం కదా అంటారు. జిప్సంతో కాల్షియం, గంధకం వస్తాయి గానీ పీహెచ్ పెరగదు, సున్నం పని అది చేయదు. ఆర్సెనిక్, ఆరు వేలెన్సీ క్రోమియం ఉన్నచోట మాత్రం సున్నం వేయొద్దు, పీహెచ్ పెరిగితే అవి ఇంకా కదులుతాయి.

బాగా మాగిన గత్తం ఏటా వేయండి, పచ్చిరొట్టగా జీలుగ, జనుము కలియదున్నండి. వరికి జింకు లోపం ఉంటే దమ్ములో ఎకరాకి 20 కిలోల జింకు సల్ఫేటు వేస్తాం కదా, అది ఇక్కడ రెండింతలు పనికొస్తుంది, ఎందుకంటే జింకు కరువైన వేరు కాడ్మియాన్ని దాని బదులు లోపలికి తీసుకుంటుంది. పట్టణం కంపోస్టు కొంటే పరీక్ష రిపోర్టు చూపించమనండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలోకి సీసం 100, కాడ్మియం 5, క్రోమియం 50 మిల్లీగ్రాములు మించకూడదు.

మొక్కలతో లోహాన్ని లాగేయడం గురించి యూట్యూబ్‌లో చాలా చెప్తున్నారు. చైనీస్ బ్రేక్ ఫెర్న్ ఆర్సెనిక్‌ని విపరీతంగా లాగుతుందని 2001లో బయటపడింది, అది నిజమే. కానీ పొలం శుభ్రం కావడానికి చాలా ఏళ్ళు పడుతుంది, కోసిన మొక్కలని పశువులకి వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. మనకి అందుబాటులో ఉన్న దారి గోగు. నార పంట కాబట్టి తిండిలోకి రాదు, మన జిల్లాల్లో సాగు తెలిసిన చేతులున్నాయి. ఆ పొలం గోంగూర మాత్రం కోయకండి, అమ్మకండి, పక్కింటివాళ్ళకి కూడా ఇవ్వకండి.

ఫ్యాక్టరీ నీళ్ళు మా పొలంలోకి వస్తున్నాయి, ఎవరికి చెప్పాలి?

రంగు మారిన నీళ్ళని తేదీ, సమయం పడేలా ఫోటోలు, వీడియోలు తీసి ఉంచండి. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఒక కాపీ ఇవ్వండి. నీళ్ళు ఒక్కరోజులో కొట్టుకుపోతాయి, గెడ్డ అడుగున ఒండ్రు మాత్రం నెలల తరబడి సాక్ష్యంగా ఉంటుంది, కాబట్టి నమూనాలు తీసేవాళ్ళు వచ్చినప్పుడు ఒండ్రు కూడా తీయమని పట్టుబట్టండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్ళొచ్చు, నష్టపరిహారానికి కారణం మొదలైన నాటి నుంచి 5 ఏళ్ళ లోపు దరఖాస్తు చేయాలి. ఊళ్ళో పదిమంది కలిసి వేయండి, ఒక్కరే వేస్తే ఒత్తిడంతా ఆ ఇంటి మీదే పడుతుంది.

పక్కనే పాత బ్యాటరీల షెడ్డు ఉండేది, పిల్లలు ఆ స్థలంలోనే ఆడుకుంటారు. ఏం చేయాలి?

ఈ రోజే ఆపేయండి. సీసం విషయంలో పొలం కంటే ఇలాంటి స్థలాలే ప్రమాదం, పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు, పెద్దల కంటే వాళ్ళ ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది, మెదడు ఎదిగే వయసు. ఆ స్థలంలో పైమట్టి ఒక అంగుళం, రెండంగుళాలు విడిగా తీసి పరీక్ష చేయించండి, ఆరంగుళాల నమూనాతో కలిపితే అంకె తక్కువగా కనిపిస్తుంది. పొడిగా ఊడ్వొద్దు, తడిపి తుడవండి, చెప్పులు బయటే వదలండి. పిల్లలకి రక్తంలో సీసం పరీక్ష చేయించండి, డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే అమెరికాలో వైద్యులు వెంటనే కారణం వెతుకుతారు. వేలి చుక్కతో చేసిన పరీక్షలో ఎక్కువ వస్తే నరం నుంచి తీసిన రక్తంతో మళ్ళీ చేయించండి. రక్తహీనత ఉన్న పిల్లల్లో సీసం ఇంకా ఎక్కువగా ఒంటపడుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ కూడా అదే రోజు చూపించండి.